అటక మీది పాత పాటల క్యాసెట్లను కాపాడుకోవడం: నెల్లూరు, ఒంగోలు ఇళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఘంటసాల పాట కావాలంటే ఇప్పుడు ఫోన్‌ని నోటితో అడిగితే చాలు, వినిపిస్తుంది. మరి అటక మీద అట్టపెట్టెలో పడున్న క్యాసెట్లతో పనేముంది? ఇంట్లో ఎవరైనా ఇలా అడిగితే కోప్పడకండి, అడగాల్సిన మాటే. సినిమా పాట ఎక్కడికీ పోలేదు. పోయేది దాని చుట్టూ ఉన్నది: నాయన ఏరి కూర్చిన వరస, పాటకు ముందు రేడియోలో వచ్చిన ప్రకటన, పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా వాళ్లు పాడిన పాట, మధ్యలో అన్నానికి లేవమని ఎవరో వేసిన కేక. ఇవి ఏ యాప్‌లోనూ దొరకవు. ఈ పనంతా వీటి కోసమే.

పనికి కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పనిచేసే క్యాసెట్ డెక్కు (అంటే టేప్ రికార్డరే) ఒకటి, ఒక కేబుల్, కంప్యూటర్ లేదా లాప్‌టాప్, ఇయర్ బడ్స్, కొంచెం ఓపిక. అసలు కష్టం ఏ క్యాసెట్‌తో మొదలుపెట్టాలన్న దగ్గరే వస్తుంది.

మొదటి అడుగు: మూడు కుప్పలు పోయండి

పెట్టె దించి క్యాసెట్లన్నీ చాప మీద పరిచి మూడు కుప్పలు చేయండి.

సినిమా పేరు, హీరో బొమ్మ అచ్చేసిన కంపెనీ క్యాసెట్లు మొదటి కుప్ప. వీటిలో పాటలు చాలావరకు మంచి నాణ్యతతో ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వీటిని చివరికి నెట్టేయండి. భక్తిపాటలు, బుర్రకథలు, నాటక పద్యాల క్యాసెట్లు మాత్రం ఈ కుప్పలోంచి తీసి పక్కన పెట్టండి. చిన్న చిన్న కంపెనీలు వేసినవి కొన్ని మళ్లీ ఎక్కడా రాలేదు.

రెండో కుప్ప ఎక్కించుకున్న క్యాసెట్లు. ఖాళీ క్యాసెట్ కొని, తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే, చెప్పిన రోజుకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు ట్రంకు రోడ్డులోనైనా, కావలి, కందుకూరులోనైనా ఇదే పద్ధతి. ఈ కుప్ప విలువ పాటల్లో లేదు, వరసలో ఉంది. క్యాసెట్లతో పెరిగినవాళ్లకు ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట ఎత్తుగడ చెవిలో మోగుతుంది. అదే పాట టీవీలో విన్నా, చివర్లో ఆ రెండో పాట కోసం మనసు ఎదురు చూస్తుంది. ఆ వరస మీ ఇంటిది, ఇంకెవరికీ తెలియదు. 60 నిమిషాల క్యాసెట్లో ఒక సైడుకి అరగంట, 90 దాంట్లో ముప్పావుగంట. చివరి పాట పట్టకపోతే చరణం మధ్యలో టక్కున తెగేది. ఆ తెగిన చోటు కూడా ఆ ఇంటివాళ్లకు కంఠతా వచ్చు. దాన్ని అలాగే ఉంచండి, ఎక్కడినుంచో పూర్తి పాట తెచ్చి అతికించకండి.

మనుషుల గొంతులు ఉన్నవి మూడో కుప్ప. రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న పాటలు, పెళ్లి కచ్చేరి, గుడి తిరునాళ్లలో హరికథ, పెద్దమ్మ పాడిన మంగళహారతి, కువైట్ నుంచి ఉత్తరం బదులు వచ్చిన మాటల క్యాసెట్. ముందు వీటిని ఎత్తుకోండి.

పైన రాసున్న పేరుని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కించడం ప్రతి ఇంట్లోనూ జరిగిందే. బాలు హిట్స్ అని రాసున్న క్యాసెట్ బి సైడ్ చివర్లో మీ అన్నయ్య ఒకటో ఎక్కం అప్పజెప్పిన గొంతు ఉండొచ్చు. రెండు సైడ్లూ చివరిదాకా వినాల్సిందే.

రెండో అడుగు: డెక్కులో పెట్టే ముందు క్యాసెట్‌ని చూడండి

క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. అన్నిటికంటే ముందు వాటిని స్క్రూడ్రైవర్ మొనతో విరిచేయండి. ఆ తర్వాత పొరపాటున రికార్డు మీట నొక్కినా అది దిగదు.

ఇప్పుడు వెలుతురులో పెట్టి, క్యాసెట్ మధ్యనున్న చిన్న కిటికీలోంచి రీలు చుట్టని చూడండి. గోధుమరంగు చుట్ట అంచు మీద తెల్లటి నూగులాంటిది కనిపిస్తే అది బూజు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. సముద్రానికి దగ్గరున్న అల్లూరు, కొత్తపట్నం వైపు ఇళ్లలో ఇది మామూలే. మార్కాపురం, కనిగిరి వైపు పొడిగాలికి బూజు తక్కువ, దుమ్ము ఎక్కువ. బూజు పట్టినదాన్ని నేరుగా డెక్కులో పెడితే ఆ బూజు డెక్కులో రీలుని చదివే హెడ్డుకి, అక్కణ్నుంచి తర్వాతి క్యాసెట్లకి అంటుకుంటుంది. దాన్ని విడిగా కవర్లో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి కొన్ని రోజులు ఆరనివ్వండి. ఆ తర్వాత ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో తుడవండి. దాన్ని అన్నిటికంటే చివర ప్లే చేయండి. ఎండలో మాత్రం పెట్టకండి. మన మే నెల ఎండకి క్యాసెట్ ప్లాస్టిక్ డొల్ల వంకరపోతుంది.

తర్వాత క్యాసెట్ నోటి దగ్గర, రీలు వెనక చూడండి. సన్నటి రాగిరంగు పట్టీ మీద గోరంత స్పాంజి ముక్క ఉంటుంది. రీలుని హెడ్డుకి ఆనించేది అదే. పాతవాటిలో జిగురు ఎండి అది రాలిపోతుంది. అది లేకపోతే పాట లోతు బావిలోంచి వస్తున్నట్టు మసకగా, ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది. చాలామంది రికార్డింగే పాడైందనుకుని క్యాసెట్ పారేస్తారు. నిజానికి పనికిరాని ఇంకో క్యాసెట్లోంచి ఆ పట్టీ తీసి ఇందులో పెడితే పాట తిరిగొస్తుంది.

ఐదు స్క్రూలున్న డొల్ల అయితే పని సులువు. బల్ల మీద పడుకోబెట్టి స్క్రూలు తీసి, పై మూత నెమ్మదిగా ఎత్తాలి. లోపల రీలు ఏ చక్రం చుట్టూ ఎలా వెళ్తుందో ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రెండు చుట్టల్నీ, మధ్యలో పలచటి జారుడు కాగితాల్నీ కదలకుండా మంచి డొల్లలోకి మార్చండి. స్క్రూలు లేకుండా అతికించిన డొల్లని అంచు వెంట బ్లేడుతో తెరవాలి. పాత డొల్ల ఎటూ విరిగిపోతుంది, రీలు తెగకుండా చూసుకుంటే చాలు.

రీలు తెగితే సెల్లోటేపు వేయొద్దు. దాని జిగురు కారి పక్క చుట్టలకి అంటుకుంటుంది. రీలు అతికించే స్ప్లైసింగ్ టేపు విడిగా దొరుకుతుంది. రెండు కొసల్నీ ఏటవాలుగా కత్తిరించి, పొరలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఆనించి, హెడ్డుకి తగలని వెనకవైపు అతికించండి. నలిగిన రీలుకి పాత వైద్యమే: పెన్సిల్ దూర్చి మెల్లగా చుట్టడం. 120 నిమిషాల క్యాసెట్లతో మరీ జాగ్రత్త, వాటి రీలు బాగా పలచన.

చివరగా, ప్లే చేసే ముందు ప్రతి క్యాసెట్‌నీ ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పండి. ఏళ్లతరబడి కదలకుండా ఉన్న చుట్ట పొరలు దీంతో విడిపోతాయి.

మూడో అడుగు: డెక్కుని సిద్ధం చేయండి

ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే, చేతిలో ఇమిడే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు చూడటానికి బాగుంటాయిగానీ వాటిలో చాలావాటి వేగం నిలకడగా ఉండదు. గొంతు వణుకుతుంది. వాటికంటే మీ బంధువుల ఇంట్లో మూలపడ్డ పాత ఫిలిప్స్, సోనీ, పానసోనిక్ డెక్కు బాగుచేయించుకోవడం మేలు. ఎక్కువసార్లు పోయేది లోపలి రబ్బరు బెల్టే. ఊళ్లో పాత రేడియో మెకానిక్ ఎవరైనా ఇంకా షాపు తెరుస్తుంటే అడగండి. బెల్టు దొరకకపోతే ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు.

హెడ్డు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మొబైల్ రిపేరు షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. ఇయర్ బడ్‌కి కొంచెం అద్ది హెడ్డునీ, దాని పక్కనుండే సన్నటి ఇనప కడ్డీనీ తుడవండి. బడ్ గోధుమరంగుకి తిరుగుతుంది, మళ్లీ కొత్తది తీసుకోండి, తెల్లగా వచ్చేదాకా. నల్లటి రబ్బరు రోలరుకి మాత్రం కొంచెం సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు. ఐదారు క్యాసెట్లకోసారి మళ్లీ తుడవాలి.

హెడ్డు శుభ్రంగా ఉన్నా శబ్దం మసకగా వస్తుంటే హెడ్డు కోణం చూడాలి. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. పాట మోగుతుండగా దాన్ని చాలా మెల్లగా, పావు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. ‘స’, ‘ష’ అక్షరాలు, తాళాల చప్పుడు ఎక్కడ తేటగా వినిపిస్తే అక్కడ ఆపండి. వేరే వేరే డెక్కుల మీద ఎక్కించిన క్యాసెట్లకి ఈ కోణం వేరుగా ఉంటుంది. అందుకే ఒక షాపులో ఎక్కించినవన్నీ ఒక దఫాలో పూర్తి చేస్తే పదేపదే తిప్పే బాధ తప్పుతుంది.

గ్రామఫోన్ రికార్డులు కూడా ఉంటే ఒక్క హెచ్చరిక. 78 వేగం పాత నల్ల రికార్డుల్ని ఆల్కహాల్‌తో తుడవకండి, అవి లక్కతో చేసినవి, కరుగుతాయి. వాటి సూది కూడా ఎల్పీ సూది కంటే లావుగా ఉండాలి. ఇది విడిగా నేర్చుకోవలసిన పని, ఇక్కడ కలపను.

నాలుగో అడుగు: కంప్యూటర్‌లోకి ఎక్కించడం

డెక్కు వెనక శబ్దం బయటికిచ్చే లైన్-ఔట్ రంధ్రం ఉంటే దాన్నుంచి, లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కేబుల్ తీయండి. ఈ రోజుల్లో చాలా లాప్‌టాప్‌లకి ఉండే ఒక్క రంధ్రం హెడ్‌ఫోనుకీ మైకుకీ కలిపి చేసింది, ఎడమ, కుడి రెండు చానళ్లూ లోపలికి తీసుకోదు. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. దానిమీద స్టీరియో లైన్-ఇన్ ఉందని చూసి మరీ కొనండి. మరీ చౌకవాటిలో మైకు ఒక్కటే ఉంటుంది.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టండి. క్యాసెట్లో గట్టిగా ఉండే పాట వేసి, మీటర్ ముల్లు మైనస్ 6 డీబీ దగ్గర ఆగేలా సర్దండి. సున్నాకి తగిలితే గొంతు చీలుతుంది, ఆ తర్వాత ఏం చేసినా బాగుపడదు. జుమ్మనే మోత వస్తుంటే లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. సగం ఇళ్లలో అక్కడితో పోతుంది.

ఒక సైడు మొత్తం ఒకే ఫైలుగా రికార్డు చేయండి. పాటకో ఫైలు అని మధ్యలో ఆపొద్దు. క్యాసెట్ వేగంగా ఎక్కే దారి లేదు, అరగంట సైడుకి అరగంటా పడుతుంది. ఆ అరగంట పక్కన కూర్చుని వినడమే ఈ పనిలో సుఖం. వావ్ ఫైలుగా దాచితే 60 నిమిషాల క్యాసెట్ దాదాపు 630 ఎంబీ వస్తుంది. ఇది మూలప్రతి, దీన్ని ఎప్పుడూ మార్చకండి. ఏ మరమ్మతైనా దాని నకలు మీదే.

ఐదో అడుగు: శుభ్రం చేయడం, కానీ కొంచెమే

ముందు వేగం సరిచూడండి. బెల్టు సాగితే పాట నిదానిస్తుంది, బాలు గొంతు బరువెక్కుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఆన్‌లైన్‌లో ఉన్న అదే పాట పనికొస్తుంది. పల్లవి మొదటి అక్షరం నుంచి ఆఖరి చరణం చివరి అక్షరం దాకా రెండిట్లోనూ కొలవండి. అక్కడ 250 సెకన్లు, మీ దాంట్లో 260 వస్తే మీది నాలుగు శాతం నెమ్మది. ఆడాసిటీలో వేగం మార్చే చోట 1.04 అని కొట్టండి. ఆ సైడు మొత్తానికీ అదే లెక్క వేస్తే చాలావరకు సరిపోతుంది.

తర్వాత ‘స్‌స్’ అనే సొద. నాయిస్ రిడక్షన్‌లో పాట లేని రెండు సెకన్ల సొదని నమూనాగా చూపించి, 6 డీబీ వరకు తగ్గించండి. అంతకుమించి తగ్గిస్తే సుశీల గొంతులో నీళ్లు గుడగుడలాడినట్టు వినిపిస్తుంది. నన్నడిగితే మూడో కుప్ప క్యాసెట్లకి ఇది అసలు చేయక్కర్లేదు.

రేడియో నుంచి పట్టిన పాటల్లో అనౌన్సర్ మాటలు కత్తిరించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1957లో మొదలైన వివిధ భారతి, సముద్రం అవతలి రేడియో సిలోన్, ఇవే కదా మన పల్లెల్లో పాటలకి తలుపులు. సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు మాటలు వినడానికే రేడియో పెట్టినవాళ్లున్నారు. ఫలానా ఊరి నుంచి ఫలానా వాళ్లు కోరిన పాట అంటూ చదివే జాబితాలో మీ వీధి వాళ్ల పేరు ఉండొచ్చు. పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది, ఆ జాబితా దొరకదు.

ఆరో అడుగు: పేర్లు రాయడం

ట్రాక్ 01, ట్రాక్ 02 అని వదిలేస్తే రెండేళ్లకి మీకే తెలియదు. ప్రతి పాటకీ పల్లవి మొదటి మాటలు, సినిమా, సంవత్సరం, గాయకులు, సంగీతం, రచన రాయండి. ఇంకో గడి కూడా పెట్టండి: హీరో. మన పెద్దవాళ్లకి పాట గాయకుడి పేరుతో గుర్తుండదు. “నాగేస్రావు పాట, తోటలో పాడతాడే, అది” అంటారు. వెతకడానికి ఆ గడే ఎక్కువ పనికొస్తుంది.

క్యాసెట్ అట్ట మీద రాసున్న గాయకుల పేర్లలో తప్పులు కొల్లలు. కొన్ని తేదీలు గుర్తుంటే చాలావాటిని ఇట్టే పట్టుకోవచ్చు. బాలు మొదటి సినిమా పాట కోదండపాణి సంగీతంలో 1966 డిసెంబరులో రికార్డయింది. కాబట్టి 1963 సినిమా పాట పక్కన బాలు అని ఉంటే కొట్టేయండి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ దశాబ్దం చివరి సినిమాల పాటలకి ఆయన పేరుంటే అనుమానించాలి. అది చాలాసార్లు వి.రామకృష్ణ గొంతు అయి ఉంటుంది. సుశీలా జానకీ అన్న చర్చ ఇంట్లో మొదలైతే అన్నం చల్లారిపోతుంది, ఆ ఒక్కటి సినిమా టైటిల్స్‌లో చూసి తేల్చుకోండి. పాత పాటల పుస్తకాలు, అదే సినిమాహాలు దగ్గర అమ్మిన పలచటి పుస్తకాలు, ఇంట్లో ఉంటే ఇంకా నయం.

రచయిత గడి ఖాళీగా వదలకండి. షాపువాళ్లు ఎప్పుడూ రాయనిది అదే. మన నెల్లూరు సీమకి అది అన్యాయం కూడా. ఆత్రేయ సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టారు. వెన్నెలకంటిదీ నెల్లూరే. బాలు సంగతి చెప్పనక్కర్లేదు, తండ్రి సాంబమూర్తి నెల్లూరులో హరికథలు చెప్పినవారు. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని బాలు 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకి తర్వాత ఆయన పేరే పెట్టారు.

ఏడో అడుగు: పెద్దవాళ్ల చేత చెప్పించడం

పాటలు సిద్ధమయ్యాక అమ్మనో నాయననో కూర్చోబెట్టి వినిపించండి. వాళ్ల మాటలు వేరే ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ని మెత్తటి తువ్వాలు మీద, వాళ్లకి మూరెడు దూరంలో పెట్టండి. ఫ్యాను ఆపాలి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే పెట్టుకోండి, పది నిమిషాలకి మించి ఉక్కలో ఉంచకండి.

“నీకు ఇష్టమైన పాటేది నాయనా?” అని అడిగితే “అన్నీ బాగానే ఉంటాయి” అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ముందు పాట వేయండి. మొదటి చరణం అయ్యాక ఆపి, “ఇది యాడ విన్నావు? పక్కన ఎవురున్నారు?” అని అడగండి. అప్పుడు లీలామహల్లో నేల టికెట్టు, సైకిల్ మీద వెనక కూర్చున్న చిన్నాయన, ఇంటికొచ్చాక పడ్డ తిట్లు, అన్నీ వరసగా బయటికొస్తాయి. మధ్యలో “కాదు నాయనా, ఆ సినిమా అప్పుడు రాలేదు” అని దిద్దొద్దు. తేదీలు తర్వాత చూసుకోవచ్చు. వాళ్లు కూనిరాగం తీస్తే అసలు మాట్లాడకండి.

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లు కూడా చిన్నప్పటి పాటని గుర్తుపట్టి అందుకోవడం చాలా ఇళ్లలో చూస్తాం. పాట వల్ల కన్నీళ్లో కలతో మొదలైతే మాత్రం ఆపేసి ఇంకో రోజు చూడండి.

ఎనిమిదో అడుగు: పెన్‌డ్రైవ్, నకళ్లు, పంచుకోవడం

పెద్దవాళ్లకి యాప్ వద్దు, పెన్‌డ్రైవ్ పెట్టే స్పీకర్ ఇవ్వండి. వాళ్లకిచ్చే ప్రతిని 192 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చండి. గంట క్యాసెట్ 86 ఎంబీ అవుతుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చౌక స్పీకర్లు పేర్ల వరస చూడవు, మీరు కాపీ చేసిన వరసలో వాయిస్తాయి. అందుకే 01 నుంచి ఒక్కొక్కటే వరసగా కాపీ చేయాలి. అన్నీ ఒకేసారి లాగి పడేస్తే నాయన కూర్చిన వరస కాస్తా చెదిరిపోతుంది. తెర ఉన్న పాత ప్లేయర్లు తెలుగు లిపి చూపించలేవు, ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

మూలప్రతులు రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊళ్లో చెల్లెలి ఇంట్లోనో మావయ్య ఇంట్లోనో పెట్టండి. 2021 నవంబరులో పెన్నా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఒకే బీరువాలో ఉన్నవన్నీ ఒకేసారి తడిశాయి.

మీ సొంత వాడకానికి ఎక్కించుకోవడానికి కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. సినిమా పాటల్ని యూట్యూబ్‌లో పెడితే మాత్రం చిక్కే. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆత్రేయ 1989లో పోయారు, లెక్క మీరే వేసుకోండి. పెద్దమ్మ మంగళహారతి, ఊళ్లో హరికథ లాంటివి బయట పెట్టే ముందు పాడినవాళ్లనో, వాళ్ల పిల్లలనో ఒక మాట అడగండి. చాలామంది కాదనరు, పైగా వాళ్ల దగ్గరున్న క్యాసెట్లు కూడా తెచ్చి మీ చేతిలో పెడతారు. వాటికీ మొదట రెక్కలు విరిచాకే డెక్కు తలుపు తెరవండి.